ఒకే తప్పు నలుగురు చేస్తే

గుంటూరు,
5-2-2009

ప్రియమైన రావమ్మకి,

ఎలా ఉన్నావే? మోకాళ్ళ నొప్పి తగ్గిందా? ఫోను చేయకుండా ఉత్తరం రాస్తోందేమిటా అనుకోకు. ఫోనులో మాట్లాడితే మా ఆఫీసులో నాలుగు బల్లల వాళ్ళకి వినపడుతుంది. మెయిల్ పంపితే నీకన్నా ముందు మీ సెంటర్లో అందరూ చదువుతారు. ఈ కవరుకి జిగురు రెండుసార్లు రాశాను. ఎవరైనా విప్పిన గుర్తులు కనబడితే చెప్పు.

నవ్వుతావని తెలుసు. నవ్వుకో. బీ.ఎడ్. హాస్టల్లో గది పంచుకున్న రోజు నుంచీ నవ్వుతూనే ఉన్నావు.

విద్యా వలంటీర్లకి మా యూనివర్సిటీ పెట్టిన ఆన్‌లైన్ కోర్సులో మీ కాలేజీలో నువ్వు నడిపే దర్శి సెంటరు రిపోర్టులు చూసేది నేనే కదా. లెర్నింగ్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ అంటారు దాన్ని. ఎవరు ఎప్పుడు లాగిన్ అయ్యారు, ఏ పేజీ ఎంతసేపు చూశారు, ఏ ప్రశ్నకి ఏం జవాబు కొట్టారు, అన్నీ వారం వారం నా బల్ల మీదికి వస్తాయి. ఇన్విజిలేటరుగా ఇరవయ్యేళ్ళు హాల్లో తిరిగి పట్టుకోలేనిది ఇప్పుడు కూర్చున్న చోటే తెలిసిపోతోంది.

మీ సెంటర్లో కోటేశ్వరి అని ఒకమ్మాయి ఉంది. వయసు ముప్పై ఒకటి, ఊళ్ళో బడికి వలంటీరు. ప్రతి బుధవారం సాయంత్రం నాలుగూ ముప్పావుకి లాగిన్ అవుతుంది. పాఠంలో నూరు పేజీలుంటే ఒక్కో పేజీ మీద పది పన్నెండు సెకన్లు ఉంటుంది. తర్వాత క్విజ్ నాలుగు నిమిషాల్లో ముగించేస్తుంది. మార్కులు ఇరవైకి పంతొమ్మిది! మొత్తం పాతిక నిమిషాలు. వారంలో మళ్ళీ కనబడదు.

పది సెకన్లలో పేజీ చదివే మనిషిని నేనింతవరకూ చూడలేదు. నువ్వు చూశావా?

అదే సెంటర్లో రామకాంత్‌ని చూడు. ఈ రెండు నెలల్లో అరవై రెండు గంటలు చదివాడు. మార్కులు పదకొండు దాటడం లేదు, పాపం, అయినా పట్టు వదలడం లేదు. చదువంటే అదీ.

నెలాఖరుకి ఒక్కో పేరు ఎదురుగా ‘నమ్మదగినది’ అనో ‘అనుమానం’ అనో రాసి డైరెక్టరు గారికి పంపాలి. అనుమానం అని రాస్తే ఐడీ ఆపేస్తారు, చివరి పరీక్ష రాయనివ్వరు. పరీక్ష పాసవని వాళ్ళకి జూన్ నుంచి వలంటీరు పని ఉండదు. అందుకే నీకు రాస్తున్నాను. ఆ అమ్మాయిని కాస్త కనిపెట్టు. అడగకు, అడిగితే జాగ్రత్త పడుతుంది. ఊరికే చూడు.

నీ
సీతారత్నం

*

దర్శి,
9-2-2009

ప్రియమైన అనుమానాల సీతకి,

నీ కవరు విప్పడానికి నాకే కత్తిపీట కావాల్సొచ్చింది. మధ్యలో ఇంకెవరు విప్పుతారే తల్లీ!

మోకాళ్ళు అలాగే ఉన్నాయి. పసుపు ముద్ద మానేసి డాక్టరు ఇచ్చిన మాత్రలు వేసుకుంటున్నాను. మా పొలంలో పత్తి ఏరడం అయిపోయింది, మిరప రెండో కోత నడుస్తోంది. ఊరంతా తుమ్ములే.

కోటేశ్వరి నాకు తెలుసు. బక్కపల్చటి పిల్ల, మాట తక్కువ. మొగుడు బాపయ్యతో కలిసి ఎకరన్నర మిరప, కాస్త పత్తి చేసుకుంటుంది. పగలు బడి. వాళ్ళ బడిలో నలభై ఆరుమంది పిల్లలకి ఒక్క మాస్టారూ ఈ పిల్లే. మొన్న మీటింగులో ఆ మాస్టారు, “ఆ అమ్మాయి లేకపోతే ఒకటో తరగతీ రెండో తరగతీ అరుగు మీద ఆడుకోవడమేనండీ” అన్నాడు. కోర్సులో చేరేటప్పుడు దరఖాస్తు మూడుసార్లు చదివి గాని సంతకం పెట్టలేదు. అలాంటి మనిషి దొంగపని చేస్తుందంటే నాకు నమ్మకం కుదరడం లేదు.

అయితే నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. బుధవారం సాయంత్రం నేనుండను. నాలుగింటికి ఇంటికి పోతాను. అప్పట్నుంచి అయిదున్నర దాకా కంప్యూటర్ల గది చూసేది మా అటెండరు పిచ్చయ్య. “ఆ కోటేశ్వరి వచ్చి ఏం చేస్తుంది పిచ్చయ్యా?” అని అడిగాను. నువ్వు అడగొద్దన్నావు, నా నోరు ఆగలేదు. “చదువుకుంటదండీ” అన్నాడు. అని, తల గోక్కున్నాడు. పిచ్చయ్య తల గోక్కున్నాడంటే ఏదో మింగుతున్నట్టే.

రామకాంత్ గురించి నేనేమీ మాట్లాడను. నీ రిపోర్టు నీకు ముద్దు.

అల్లుడికి ఉద్యోగం పర్మనెంటయ్యిందని పండక్కి ఫోనులో అన్నావు, స్వీటు ఏదే?

నీ
వెంకటరావమ్మ

*

గుంటూరు,
13-2-2009

ప్రియమైన రావమ్మా,

స్వీటు తర్వాత. నీ ఉత్తరం చదివాక నాకు కుదురు లేకుండా పోయింది. పిచ్చయ్య తల ఎందుకు గోక్కున్నాడు?

పాత రిపోర్టులన్నీ తిరగేశాను. కోటేశ్వరి ఒక్కతే కాదు. ఆదెమ్మ, కోటిరత్నం, భవ్య అని ఇంకో ముగ్గురున్నారు, చుట్టుపక్కల ఊళ్ళ వలంటీర్లే. వీళ్ళూ బుధవారమే వస్తారు, అదే టైముకి. అసలు విషయం విను. ఈ ముగ్గురూ కోర్సు మొదలైనప్పట్నుంచీ పాఠం పేజీ ఒక్కటి కూడా తెరవలేదు. ఒక్కటంటే ఒక్కటి! నేరుగా క్విజ్ తెరుస్తారు, జవాబులు కొడతారు, వెళ్ళిపోతారు. అన్నిట్లోనూ పాసే.

ఇంకా ఉంది. మూడో పాఠం, ఏడో ప్రశ్న. లెక్క. సరైన జవాబు 400. ఈ నలుగురూ 380 అని కొట్టారు. జిల్లా మొత్తం మీద ఇంకెవరూ ఆ తప్పు చేయలేదు. జవాబు రాకపోతే మనిషికో రకం తప్పు వస్తుంది. ఒకే తప్పు నలుగురు చేస్తే వాళ్ళ దగ్గర ఒకే కాగితం ఉన్నట్టు.

ఆ కాగితం ఎక్కడిది? ఎవరో జవాబులు బయటికిస్తున్నారు. నీకు కోపం రావచ్చు గాని రాయక తప్పదు, అది మీ సెంటరు నుంచే. పిచ్చయ్యని నమ్మకు. నీకు తెలిసీ చెప్పనిదేమన్నా ఉంటే ఇప్పుడే చెప్పు. తర్వాత బయటపడితే నిన్ను నేను కాపాడలేను.

నీ
సీతారత్నం

*

దర్శి,
17-2-2009

సీతా,

‘నీకు తెలిసీ చెప్పనిదేమన్నా’ అన్నావు. ఆ వాక్యం రెండుసార్లు చదివాను. ‘ఒకే తప్పు’ అని రాసేటప్పుడు నీ చెయ్యి కాసేపైనా ఆగలేదా? సరే, పోనీ.

నాకు తెలిసింది చెబుతాను, నువ్వు నన్ను కూడా రిపోర్టులో ఎక్కించకముందే. మా కాలేజీ గేటు పక్కన టీ కొట్టు హుస్సేన్ సాహెబ్‌ది. బుధవారం ఈ నలుగురూ ఆ కొట్టు ముందే బస్సు కోసం నిలబడతారు. నిన్న వెళ్ళి మాటల్లో పెట్టాను.

“ఆ కోటేశ్వరమ్మ ఎరువుల సంచి ఒకటి తెస్తదండీ. వచ్చేటప్పుడు ఖాళీ, పోయేటప్పుడు బరువు” అన్నాడు. “ఏముంటుందయ్యా అందులో?” అంటే, “ఓసారి జారి కిందపడితే నేనే ఏరి ఇచ్చానండీ. క్వశ్చన్ పేపర్లు. కట్టలు కట్టలు” అన్నాడు.

తెల్లారగానే పిచ్చయ్యని నిలదీశాను. “తప్పేనండీ, తమరు కోప్పడతారని చెప్పలేదండీ” అని చేతులు కట్టుకుని నిలబడ్డాడు గాని ఏం తప్పో చెప్పలేదు. ఆ పిల్ల మాట ఇమ్మందట.

చూడు, ఇదంతా దాచకుండా రాశాను. ఇప్పుడు నేనొకటి అడుగుతాను. ఆదివారం నలుగురూ కోటేశ్వరి కల్లంలోనే ఉంటారట. నేను వెళతాను. వెళ్ళి, నా కళ్ళతో చూసి రాస్తాను. దొంగతనమైతే నేనే నీకు సంతకం పెట్టి ఇస్తాను. ఆదివారం దాకా ఆగు. నెలాఖరుకి ఇంకా గడువుందిగా.

వెంకటరావమ్మ

*

గుంటూరు,
21-2-2009

ప్రియమైన రావమ్మకి,

ఆగలేకపోయాను. క్వశ్చన్ పేపర్లు కట్టలు కట్టలు అని నువ్వే రాశాక ఇంకా చూడాల్సిందేముంది? మధ్యలో ఎవరైనా ఆ కట్టలు తగలబెట్టేస్తే? నిన్న శుక్రవారం నలుగురి పేర్ల ఎదురుగా ‘అనుమానం’ అని రాసి పంపేశాను. సాయంత్రానికల్లా ఐడీలు ఆపేశారు. డైరెక్టరు గారు నన్ను పిలిచి మెచ్చుకున్నారు.

నీ పేరు ఎక్కడా రాయలేదు. పిచ్చయ్య పేరూ రాయలేదు. అంతవరకు చేయగలిగాను.

నువ్వు బాధపడకు. మనుషులు అబద్ధం చెబుతారు, రిపోర్టు చెప్పదు.

నీ
సీతారత్నం

*

దర్శి,
24-2-2009

శ్రీమతి సీతారత్నం గారికి,

మీ ఉత్తరం నిన్న సోమవారం అందింది. ఆదివారం నేను కల్లానికి వెళ్ళి వచ్చేశాను. ఆనందంగా నీకు రాద్దామని కాగితం తీసుకునేసరికి పోస్టుమాన్ వచ్చాడు. అండీ గిండీ నాకు చేతకావడం లేదు, మామూలుగానే రాస్తాను, కోపం మాత్రం అలాగే ఉంది.

కల్లమంతా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఆ ఎండలో, ఆ ఘాటులో, నలుగురూ తలకి గుడ్డలు చుట్టుకుని తెల్లబడిన తాలు కాయలు ఏరుతున్నారు. ఒకరి కల్లంలో ఒకరు వంతులేసుకుని పనిచేసుకుంటారు, ఈ ఆదివారం కోటేశ్వరిది, వచ్చే ఆదివారం ఆదెమ్మది. ముగ్గురి చేతులు కాయల మీద ఉన్నాయి. నాలుగో మనిషి, కోటిరత్నం, కాగితం పట్టుకుని పైకి చదువుతోంది. పిల్లలకి తీసివేత ఎలా చెప్పాలి అన్న పాఠం! చదివినంతసేపు చదివి, కాగితం భవ్యకిచ్చి తను ఏరడానికి కూర్చుంది. మధ్యలో ఆదెమ్మ, “అట్టా కాదే, పిల్లకాయలకి ముందు గింజలిచ్చి తీయించాల” అంటే ఇంకొకత్తె కాదంటుంది. ఎంత పోట్లాడుకున్నారో! మన బీ.ఎడ్. క్లాసులో ఒక్కరోజు అంత పోట్లాట జరగలేదు సీతా.

నన్ను చూసి లేచి నిలబడ్డారు. ఆ కాగితాలు తీసి చూశాను. ఒక పక్క పాఠం. రెండో పక్క మా కాలేజీ నిరుడు హాఫ్‌ఇయర్లీ క్వశ్చన్ పేపరు. వాడేసిన పాత పేపర్ల మీద, ఖాళీగా ఉన్న వెనక పక్కన, పిచ్చయ్య వాళ్ళకి పాఠాలు ప్రింటు తీసిచ్చేవాడు. హుస్సేన్ సాహెబ్ చూసింది అదీ. నా అనుమతి లేకుండా ప్రింటరు వాడాడని నేను తిడతానని భయపడి చెప్పలేదట, అతని మీదికి రాకూడదని కోటేశ్వరి కూడా ఎవరికీ చెప్పొద్దని మాట తీసుకుందట. నేను తిట్టేదాన్నే.

“ఇన్ని ఇబ్బందులెందుకమ్మా, సెంటర్లో కూర్చుని చదువుకోవచ్చుగా?” అన్నాను. కోటేశ్వరి తలొంచుకునే చెప్పింది. “బడి వదిలి దర్శి చేరేసరికి నాలుగున్నర దాటుద్దండీ. అయిదుంబావుకి మా ఊరి ఆఖరి బస్సు. వారంలో సాయంత్రంపూట కరెంటు ఉండేది బుధవారమేనండీ. ఆ పాతిక నిమిషాల్లో నలుగురం చదవలేం. అందుకని నేను పేజీ తెరిచి ప్రింటు కొట్టడం, ఇంటికి తెచ్చుకుని చదువుకోడం. పాఠం చివర ఉండే ప్రశ్నలే కదండీ క్విజ్‌లో వచ్చేది? ఎవరి జవాబులు వాళ్ళం పలక మీద చేసుకుని, మళ్ళా బుధవారం పోయి కొడతాం.”

పది సెకన్లకో పేజీ ఎందుకో తెలిసిందా? అది కాగితం బయటికి రావడానికి పట్టే టైము.

నీ రిపోర్టులో ఇంకో గడి కూడా ఉంటుందిగా, మార్కులది. కోటేశ్వరికి పంతొమ్మిది, కోటిరత్నానికి పదహారు, ఆదెమ్మకి పధ్నాలుగు, భవ్యకి పదమూడు. ఒకే కాగితం చూసి రాసినవాళ్ళకి నాలుగు రకాల మార్కులు ఎలా వస్తాయో నువ్వొక్కసారైనా అనుకోలేదా?

ఇక నీ 380. ఆ ప్రశ్న ఏమిటో నువ్వు రాయలేదు. అక్కడే చదివాను. ‘ఒక రైతు నలభై కిలోల చొప్పున పది బస్తాల మిరపకాయలు తూకానికి తెచ్చాడు. కాటా చీటీలో ఎంత బరువు రాస్తారు?’ చదవడం పూర్తవగానే నా నోట్లోంచి కూడా మూడొందల ఎనభై అనే వచ్చింది! మా వైపు కాటాలో బస్తాకి రెండు కిలోలు తరుగు తీస్తారు, గోనెకీ తేమకీ అని. పుట్టినప్పట్నుంచీ చూస్తున్నాం. “తరుగు పోకుండా చీటీ ఎవరు రాస్తారండీ?” అని ఆదెమ్మ నన్నే ఎదురడిగింది. ఆ ప్రశ్న రాసినాయన ఎన్నడూ కాటా దగ్గర నిలబడి ఉండడు. నలుగురు కాదు, అయిదుగురం చేశాం ఆ తప్పు. నా పేరూ రాసుకో.

రామకాంత్ సంగతి ఇప్పుడు చెబుతాను. పొద్దున్నే వస్తాడు, లాగిన్ అవుతాడు, పేజీ తెరిచి పెట్టి హుస్సేన్ సాహెబ్ కొట్లో పేపరు చదువుతూ కూర్చుంటాడు. అప్పుడప్పుడూ వచ్చి మౌసు కదిపి పోతాడు. అవే నీ అరవై రెండు గంటలు.

రేపు బుధవారం ఆ నలుగురూ బస్సు దిగి వస్తారు. ఐడీ తెరుచుకోదు. ఏం చెప్పమంటావు? ఒకే తప్పు ఇద్దరు చేస్తే అది దొంగతనం కాదా అని ముప్పై ఏళ్ళ క్రితం నన్నొకాయన అడిగాడు. అప్పుడు నా తరఫున మాట్లాడేవాళ్ళు లేకపోయారు. వీళ్ళకి నేనున్నాను.

వాళ్ళ కాగితం ఒకటి దీంతో పెడుతున్నాను.

వెంకటరావమ్మ

*

గుంటూరు,
3-3-2009

ప్రియమైన రావమ్మకి,

నీ కవరు విప్పగానే వరసగా ఏడు తుమ్ములు వచ్చాయి. ఆ కాగితం మడతల్లో కారం ఉంది. అంచుల నిండా ఎర్రటి వేలిముద్రలు. మార్జిన్లో పెన్సిలుతో ‘పిల్లలకి చెప్పి చూడాల’ అని రాసుంది. అరవై రెండు గంటలు చదివిన రామకాంత్ ఒక్కసారీ ఆ మాట అనుకుని ఉండడు.

అదే కాగితం, నీ ఉత్తరం తీసుకుని డైరెక్టరు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయనా తుమ్మారు. చాలాసేపు ఒప్పుకోలేదు. “రిపోర్టులో ఉన్నది తప్పంటారా మేడమ్?” అన్నారు. “ఉన్నది తప్పు కాదండీ. దాన్ని చదివిన నేను తప్పు” అన్నాను. అదే రాసిమ్మన్నారు. విచారించకుండా, గడువుండగానే, పొరపాటుగా నలుగురి మీద అనుమానం రాశానని సంతకం పెట్టి ఇచ్చాను. నిన్న సాయంత్రం ఐడీలు తెరిచారు. ఇరవయ్యో తారీఖు పరీక్ష నలుగురూ రాయొచ్చు. పోయిన వారం క్విజ్ కూడా మళ్ళీ రాసుకోనిస్తారు. వచ్చే నెల నుంచి రిపోర్టులు వేరే ఆవిడ చూస్తుంది. నన్ను దూరవిద్య పుస్తకాల గోడౌనుకి వేశారు. బాధ లేదని రాస్తే అబద్ధం.

ఇక అసలు రాయాల్సింది. చెయ్యి ఆగలేదా అని అడిగావు. ఆగింది రావమ్మా. ఆగినా రాశాను.

బీ.ఎడ్.లో ఆ ఏడాది సైకాలజీ పేపర్లో మనిద్దరం ఒకే తప్పు రాశాం. నువ్వు బోర్డు మీద నుంచి ఎక్కించుకున్న నోట్సులోనే ఆ తప్పుంది. ఆ నోట్సే నేనూ చదివాను. హాల్లో నువ్వు నా వెనక బెంచీలో కూర్చున్నావు. ప్రిన్సిపాల్ గారు ముందు నన్ను ఒంటరిగా పిలిచి, “నీది చూసి ఆ అమ్మాయి రాసిందా?” అని అడిగారు. ఇద్దరం ఒకే నోట్సు చదివామండీ అని ఒక్క మాట అంటే అయిపోయేది. అంటే నా మీదికి ఏమొస్తుందోనని భయపడ్డాను. “నాకు తెలియదండీ, నేను వెనక్కి చూడలేదు” అన్నాను. నువ్వు సెప్టెంబరులో ఆ పేపరు మళ్ళీ రాశావు. ఆ ఆలస్యంతోనే నాకు గుంటూరు, నీకు దర్శి.

నిన్నేమడిగారో తెలియదని నీతో ఇన్నేళ్ళూ నటించాను. అప్పట్నుంచీ అందర్నీ అనుమానిస్తూ వచ్చాను. దొంగ ఎవరో నాకు ముందే తెలుసు కాబట్టి కాబోలు.

క్షమించమని అడగడానికి ముఖం చెల్లడం లేదు. పదిహేనో తారీఖు ఆదివారం దర్శి వస్తున్నాను. ఆ నలుగురి కల్లానికి వెళ్ళి, వాళ్ళ ఎదురుగా తప్పయిందని చెప్పాలి. పదకొండింటి బస్సు. నువ్వు బస్టాండుకి వస్తావో రావో తెలియదు. రాకపోతే దారి అడుక్కుంటూ పోతాను.

సీత

*

(కార్డు)

దర్శి,
6-3-2009

ప్రియమైన సీతకి,

బుధవారం ఐడీలు తెరుచుకున్నాయి. కోటేశ్వరి పాతిక నిమిషాల్లో మూడు నిమిషాలు ఏడవడానికే పోయాయి. పిచ్చయ్య కోసం నేనే కొత్త కాగితాల కట్ట తెప్పించాను, పాత పేపర్ల మీదే బాగుంటుందని వాడుకోవడం లేదు.

పదకొండింటికి బస్టాండులో ఉంటాను. తలకి గుడ్డ తెచ్చుకో, కల్లంలో ఊరికే కూర్చోనివ్వరు, తాలు కాయలు ఏరాలి. అల్లుడి స్వీటు మర్చిపోకు.

నువ్వు ప్రిన్సిపాల్ గారితో ఏమన్నావో నాకు ఆ వారమే తెలుసే. ఆయనే చెప్పారు. తెలిసే నీ పెళ్ళికి వచ్చాను, తెలిసే నీ జడకి పూలు కుట్టాను.

నీ
రావమ్మ